ఆ ఆకుల లంగా మనది కాదు

ఆగస్టు 9 వచ్చిందంటే చాలా బడుల్లో పిల్లల నడుముకు ఆకులు కట్టి, తలకు ఈకలు పెట్టి, ముఖానికి నల్లరంగు పూసి స్టేజీ ఎక్కిస్తారు. దానికి గిరిజన నృత్యం అని పేరు. నల్లమలలో ఏ పెంటలో ఉంది ఈ వేషం? గద్వాల, వనపర్తి వైపు ఏ తండాలో ఉంది? ఎక్కడా లేదు. సినిమాలో ఉంది. ఆదివాసీ పిల్లలకు ఆదివాసీ వేషం వేయడానికి మనం సినిమా చూసి నేర్చుకుంటున్నాం. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంది?

"సినిమా వినోదం కోసమే కదా సార్" అంటారు కొందరు టీచర్లు. వాళ్లు సినిమా చరిత్ర ఒకసారి తిరగేయాలి.

1895లో పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి బొమ్మలు చూపినప్పుడు కెమెరా దాదాపు ఒకేచోట నిలబడి ఉండేది. తర్వాత కొన్నేళ్లలోనే ముఖాన్ని దగ్గరగా చూపడం, రెండుచోట్ల జరిగేదాన్ని మార్చి మార్చి చూపడం నేర్చారు. 1915లో అమెరికాలో గ్రిఫిత్ ఆ పనితనమంతా 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్'లో పెట్టాడు. దేనికోసం? తెల్ల నటులకు నల్లరంగు పూసి, నల్లజాతివాళ్లను దుర్మార్గులుగా చూపి, కు క్లక్స్ క్లాన్ ముఠాను వీరులుగా నిలబెట్టడం కోసం.

1922లో ఫ్లాహర్టీ కెనడా మంచుప్రాంతపు ఇన్యూట్ ఆదివాసుల మీద 'నానూక్ ఆఫ్ ద నార్త్' తీశాడు. అప్పటికే తుపాకీతో వేటాడుతున్న మనిషి చేత పాత ఈటె పట్టించాడు. మంచు ఇంట్లో వెలుతురు చాలదని సగం ఇల్లే కట్టించాడు. ఆ మనిషి అసలు పేరు అల్లాకరియల్లాక్. ఆ పేరు కూడా తీసేశాడు. లోకం మాత్రం అదే నిజమని నమ్మింది.

రష్యాలో కులెషోవ్ ఒకే నటుడి ముఖం పక్కన ఒకసారి సూపు గిన్నెను, ఇంకోసారి శవపేటికను అతికించి చూపాడు. ముఖం మారలేదు. చూసినవాళ్లకు మాత్రం ఒకసారి ఆకలి, ఇంకోసారి దుఃఖం కనిపించాయి. ఇక మన ముఖం పక్కన భయంతో కేక పెట్టే హీరోయిన్‌ను అతికిస్తే ఏం కనిపిస్తుందో వేరే చెప్పాలా?

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెరకు మాటలొచ్చాయి. చెంచులం మాట్లాడేది తెలుగే. అయినా తెర మీద అడవి మనుషులకు దక్కినవి ఎక్కువగా అరుపులే. మన ఆడబిడ్డను నరసింహస్వామి పెళ్లాడిన కథను 1943లో, 1958లో 'చెంచులక్ష్మి'గా తీశారు. ఆ వేషం కట్టింది ఒకసారి కమలా కోట్నీస్, ఇంకోసారి అంజలీదేవి. కథకు మనం కావాలి, తెరకు వద్దు.

2022 నాటి 'ఆర్ఆర్ఆర్' చూడండి. జోడేఘాట్‌లో జల్, జంగిల్, జమీన్ అని పోరాడి 1940లో ప్రాణమిచ్చిన కొమురం భీం, చివర్లో తన స్నేహితుణ్ని చదువు అడుగుతాడు. ఆ మూడు మాటలను స్నేహితుడే రాసిస్తాడు! భీం నినాదాన్ని భీంకే పాఠం చేశారు. మనవాళ్లు ఈల వేశారు.

మన గొంతు మాత్రం సినిమాకు కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గొంతుతో 'భీమ్లా నాయక్' పాట మొదలైంది. దాని మలయాళ మాతృకలో ఇరుల తల్లి నంజియమ్మ తన భాషలోనే పాడి జాతీయ అవార్డు గెలిచింది. సంతోషమే. కానీ పాట తీసుకున్నవాళ్లు కథ చెప్పే పని మనకివ్వలేదు.

అది ఎవరో ఇచ్చేది కాదు. ఫ్లాహర్టీ సినిమా వచ్చిన దాదాపు ఎనభై ఏళ్లకు, 2001లో, ఇన్యూట్ బిడ్డ జకరియాస్ కునుక్ తమ భాషలో, తమవాళ్లతోనే 'అటనార్జువాట్' తీశాడు. కాన్‌లో కెమెరా డి ఓర్ బహుమతి వచ్చింది. కెమెరా చేతులు మారింది, కథ మారింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఉన్న ఫోను లూమియేర్ కెమెరా కన్నా ఎంతో గొప్పది. దాంతో హీరో డైలాగులకు పెదవులు కదుపుతూ కూర్చోవద్దు. పెద్దల అనుమతి అడిగి, తేనె తీసే రోజు వాళ్లతో వెళ్లండి. ముందు కొండ మొత్తం చూపండి. తర్వాత తాడు పట్టుకున్న చేతులను దగ్గరగా చూపండి. వ్యాఖ్యానం మీరు చెప్పకండి, ముసలమ్మను చెప్పనివ్వండి. తీసింది మొదట పెంటలోనే చూపండి. తప్పుందంటే మళ్లీ తీయండి.

సార్లూ, మేడంలూ, వచ్చే ఆగస్టు 9న ఆకులు కోయించకండి. గోడకు ఒక తెల్ల దుప్పటి కట్టండి. పిల్లలు తీసింది దాని మీద చూద్దాం.