పిడికెడు బియ్యం, రొట్టె ముక్క

కర్నూలు, కడప పల్లెల్లో పాస్టరును ‘అయ్యగారు’ అంటారు. ఆయన భార్యను ‘అమ్మగారు’ అంటారు. మరి స్త్రీయే పాస్టరై వస్తే ఏమని పిలవాలి? ‘అమ్మగారు’ అన్న మాట అప్పటికే పాస్టరు భార్యది. పిలుపులోనే స్త్రీకి భార్య స్థానం ఉంది, గురువు స్థానం లేదు. నేను దేవుణ్ణి నమ్మను. అయినా నమ్మేవాళ్లలో సగం మందిని తక్కువ చేసే ఆచారాన్ని చూస్తూ ఊరుకోలేను.

ఈ నేల మీదే ఆ ఆచారానికి గట్టి దెబ్బ తగిలింది. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఆమే తొలి మహిళా బిషప్. ఉమ్మడి కర్నూలు జిల్లా దిగువపాడులో పుట్టిన ఆమె 1983లో డీకన్‌గా, 1984లో ప్రెస్బిటర్‌గా (గురువుగా) అభిషేకం పొందారు. ఇంగ్లండు సంఘంలో తొలి మహిళా బిషప్ వచ్చింది 2015లో. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఇంగ్లండు సంఘ సంప్రదాయానికి చెందిన నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది మొదట్లో అందులో కలవకుండా దూరంగా నిలిచారు. పాత పద్ధతిని అంత పట్టుదలగా కాపాడుకున్న చోటే ఇంగ్లండు కన్నా ముందు ఒక స్త్రీ బిషప్ అయింది.

అదే జిల్లాలో, కతోలిక సంఘంలో, రెండో దృశ్యం ఉంది. చిందుకూరులో పుట్టిన పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. ఆ పదవికి చేరిన తొలి దళితుడు ఆయన. కులం గోడకు అక్కడ గండి పడింది, సంతోషం. స్త్రీ ముందున్న గోడ మాత్రం అలాగే ఉంది. స్త్రీలను గురువులుగా అభిషేకించే అధికారం సంఘానికి లేదని 1994లో పోప్ రెండో జాన్ పాల్ తేల్చేశారు. మఠకన్యలు బడులు నడపొచ్చు, ఆసుపత్రులు నడపొచ్చు. దివ్యపూజ మాత్రం జరిపించకూడదు.

ఒకే బైబిలు, ఒకే దేవుడు, ఒకే జిల్లా. దైవాజ్ఞ అయితే ఈ గుడికీ ఆ గుడికీ మధ్య ఎలా మారింది? సి.ఎస్.ఐ. 1976లో స్త్రీలకు గురుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది సినడ్ (సంఘ మహాసభ) తీర్మానంతోనే. మనుషులు కూర్చుని మార్చగలిగింది మనుషులు పెట్టిన కట్టుబాటే.

స్త్రీ బోధించకూడదనేవారు తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం చూపిస్తారు. అదే అధ్యాయంలో, దానికి కాస్త ముందే, స్త్రీలు బంగారంతో అలంకరించుకోవద్దని కూడా ఉంది. మన పెద్ద సంఘాల్లో పెళ్లికూతురి మెడలో బంగారాన్ని ఏ పెద్ద వద్దంటున్నాడు? నచ్చిన వచనం చట్టం, నచ్చనిది ఆనాటి అలవాటు! రోమీయులకు రాసిన పత్రికలో పౌలు ఫీబే అనే స్త్రీకి వాడిన గ్రీకు మాట, మగ డీకన్లకు వాడిన మాటే. ఆ సంగతి ఎంతమంది ప్రసంగాల్లో విన్నారు?

వచనం దొరకని చోట మైల ముందుకొస్తుంది. బయట ఉన్న రోజుల్లో స్త్రీ పాస్టరు ప్రభువు బల్ల రొట్టె ఇస్తే ఎలా అని గొణుగుతారు. ఈ భయానికి మతం తేడా లేదు. గుడి మారినా వెంటే వచ్చింది. నెలసరి శరీర ధర్మం. అది లేకపోతే అయ్యగారూ పుట్టరు, సంఘమూ పుట్టదు.

కరువు సీమలో పనులు లేక మగవాళ్లు వలసపోతే గుడిని నిలబెట్టింది ఆడవాళ్లే. వండే ముందు గుడికని పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టింది వాళ్లే. మిషనరీల కాలంలో మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి చదువూ బోధా చెప్పింది బైబిలు స్త్రీలే. మొగుడు తాగొచ్చి కొట్టాడని ఒక ఇల్లాలు మగ పాస్టరు ముందు నోరు విప్పడం కష్టం. స్త్రీ పాస్టరు ఉంటే ఆ గడప దాటుతుంది. అవకాశం అక్కడుంది. ఆటంకం నమ్మకంలో లేదు, అధికారాన్ని వదులుకోలేని పెద్దరికంలో ఉంది.

విశ్వాసులైన అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీ విశ్వాసం మీది, దాన్ని వదలమని నేను అడగను. మీ సంఘ పెద్దల్ని మాత్రం అడగండి: పిడికెడు బియ్యం తీసిన చేతికి రొట్టె విరిచే అర్హత ఎందుకు లేదు? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.