తేనెపిట్టకు రంగులు పూయొద్దు!

మందార పువ్వు మీద వాలిన బుల్లి పిట్ట ఫొటో. కింద ‘మా ఇంటి హమ్మింగ్‌బర్డ్’ అని క్యాప్షన్. ఇలాంటి పోస్టులు మీ ఫోన్‌లోనూ కనిపించే ఉంటాయి. చిక్కేమిటంటే, హమ్మింగ్‌బర్డ్ మన దేశంలో లేనే లేదు. అది అమెరికా ఖండాల పక్షి. బెజవాడ పెరట్లోకి వచ్చేది తేనెపిట్ట, ఇంగ్లిష్‌లో సన్‌బర్డ్. పేరే తప్పు రాస్తే, ఫొటోను మాత్రం ఎవరు నమ్ముతారు?

కెమెరాతో బతుకుదెరువు వెతుక్కోవాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఆలోచించాల్సింది ఈ నమ్మకం గురించే. పోర్ట్‌ఫోలియో కావాలంటే కొల్లేరు వెళ్లాలి, లక్షల లెన్స్ ఉండాలి అనుకుంటారు చాలామంది. ఆటపాక కొంగలు, పెలికాన్‌లు ఎక్కడికీ పోవు. ముందు ఇంటి దగ్గరి మందార చెట్టు, అరటి పువ్వు చాలు. పది సెంటీమీటర్ల పిట్ట, క్షణం నిలవదు. ఫోకస్, షట్టర్ స్పీడ్, ఓపిక... మూడూ నేర్పే గురువు అది. కొమ్మ మీద కూర్చుని తేనె తాగుతుంటే సెకనులో 500వ వంతు సరిపోవచ్చు. రెక్కలాడిస్తూ గాల్లో ఆగితే 2000వ వంతుకు వెళ్లాల్సిందే.

ఇక అసలు విషయం, ఎడిటింగ్. ఊదా తేనెపిట్టల్లో మగది నీడలో నల్లగా కనిపిస్తుంది. ఎండ సరైన కోణంలో పడగానే నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ఆ మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈకల్లోని సూక్ష్మ నిర్మాణం వెలుగును వెనక్కి పంపే తీరు వల్ల వచ్చింది. మనవాళ్లు చేసేదేమిటి? నల్లగా వచ్చిన ఫొటోలో శాచురేషన్ స్లయిడర్‌ను చివరిదాకా లాగేస్తారు. పిట్ట కాస్తా ప్లాస్టిక్ బొమ్మవుతుంది. జత కట్టే కాలం అయిపోయాక ఇదే మగపిట్ట ఆ ముదురు ఈకలు చాలావరకు రాల్చేస్తుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లచార మిగులుతుంది. దాన్ని లోపమనుకుని చెరిపేస్తే చెరిగేది పిట్ట గుర్తింపే.

‘అయితే ఎడిటింగే వద్దంటారా?’ అని అడగొచ్చు. వద్దనను. రా ఫైల్ చప్పగానే ఉంటుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేయడం, నాయిస్ తగ్గించడం, అవసరమైనంత క్రాప్ చేయడం... ఇదంతా పనిలో భాగం. డబ్బుల్లేవనీ ఆగక్కర్లేదు, డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగానే దొరుకుతాయి. కానీ అడ్డొచ్చిన కొమ్మను మాయం చేసి, ఇంకో పువ్వును అతికించి, అదే నిజమని చూపితే అది ఎడిటింగ్ కాదు, అబద్ధం. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి రౌండ్‌కు ముందు దశ దాకా వచ్చిన ఎంట్రీల్లో దాదాపు 20 శాతాన్ని ఇలాంటి మార్పుల వల్లే పక్కన పెట్టారు. అసలు ఫైళ్లు తెప్పించి పోల్చి చూశారు మరి!

పెళ్లి ఆల్బమ్ చేసే స్టూడియో అయినా, వస్తువుల ఫొటోలు తీయించే కంపెనీ అయినా కావాల్సింది చేయి తిరిగినవాళ్లు. ఇప్పుడు నాలుగు మాటలు టైప్ చేస్తే ఏఐ సెకన్లలో తేనెపిట్ట బొమ్మ గీసిస్తుంది. కాబట్టి మెరిసే బొమ్మకు విలువ తగ్గింది, ‘ఇది నేనే తీశాను’ అని చూపగలిగే ఆధారానికి విలువ పెరిగింది. రెజ్యూమెలో చేయని ప్రాజెక్టు రాసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతాం కదా, ఇదీ అంతే.

అందుకే పదంటే పది ఫొటోలు ఎంచుకోండి. ప్రతిదాని పక్కన రా ఫైల్ దాచండి. పక్షి పేరు, చోటు, తేదీ, ఏమేం మార్చారో రెండు ముక్కలు రాయండి. గూడు కనిపిస్తే దూరంగా ఉండండి, స్పష్టత కోసం ఆకులు తుంచొద్దు. పొద్దున్నే లేవండి, ఎండ ముదరకముందే పువ్వు దగ్గర కూర్చోండి. స్లయిడర్‌తో తెచ్చుకోవాలనుకున్న రంగును ఎండే తెచ్చిస్తుంది. ఇంటర్వ్యూలో ‘అసలు ఫైల్ చూపించు’ అన్నప్పుడు తడుముకోవాల్సిన పనీ ఉండదు.