ఆస్కార్ వచ్చింది, స్టూడియో పోయింది

1987లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన రిథమ్ అండ్ హ్యూస్ యానిమేషన్ సంస్థ మన దేశంలో ముందు ముంబయిలో, తర్వాత హైదరాబాద్‌లో స్టూడియోలు తెరిచింది. ‘లైఫ్ ఆఫ్ పై’ (2012) సినిమాలో పడవ మీద కనిపించే పులి చాలా షాట్లలో కంప్యూటర్‌లో పుట్టిందే. ఆ సినిమా గ్రాఫిక్స్‌లో హైదరాబాద్ కళాకారుల కష్టమూ ఉంది. చవక జీతాల కోసమే ఆ సంస్థ ఇక్కడికి వచ్చిందని కొట్టిపారేయడం అన్యాయం. అమెరికాలో వాడే సొంత సాఫ్ట్‌వేర్‌నే ఇక్కడి వాళ్లకూ నేర్పింది. పెద్ద సినిమాల షాట్లు అప్పగించింది.

2013 ఫిబ్రవరి రెండో వారంలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరక్కుండానే, 24వ తేదీన, ‘లైఫ్ ఆఫ్ పై’కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అవార్డు అందుకున్న ఆ స్టూడియో కళాకారుడు బిల్ వెస్టెన్‌హోఫర్ సంస్థ కష్టాల ప్రస్తావన తెచ్చేసరికి ‘జాస్’ సినిమా సంగీతం మోగించి, మైకు ఆపేశారు. బయట వందలాది గ్రాఫిక్స్ కళాకారులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. సుమారు 12 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా మొత్తం వసూళ్లు 60 కోట్ల డాలర్లు దాటాయి. పులికి ప్రాణం పోసిన స్టూడియో మాత్రం ఆ ఏడాదే ప్రాణ స్టూడియోస్ అనుబంధ సంస్థ చేతికి వెళ్లింది.

ఇంత పేరున్న సంస్థ కూలడానికి కారణం పనితనం లోపం కాదు, ఒప్పందాల తీరు. గ్రాఫిక్స్ స్టూడియో సినిమా మొత్తానికి ఒక రేటు చెప్పి పని తీసుకుంటుంది. దర్శకుడు ఒకే షాట్‌ను పదే పదే మార్పించినా ఆ రేటు సాధారణంగా పెరగదు. సినిమా వాయిదా పడితే వచ్చే డబ్బు ఆగుతుంది గానీ నెల జీతాలు ఆగవు. సినిమా ఆడితే లాభంలో వాటా ఉండదు. దీనికి తోడు పన్ను రాయితీలిచ్చే చోటే పని చేయించాలని నిర్మాణ సంస్థలు పట్టుబడతాయి. ఆ ఒత్తిడితోనే రిథమ్ అండ్ హ్యూస్ వాంకూవర్‌లోనూ స్టూడియో పెట్టింది. రాయితీ లాభం సినిమా తీసేవాళ్లది, స్టూడియో పెట్టుబడి భారం కళాకారులను పోషించే సంస్థది. పన్నెండేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, మరో గ్రాఫిక్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబయిల్లోని ఉద్యోగులు కూడా రోడ్డున పడ్డారు.

కూలి పని మానేసి సొంత హక్కులు సంపాదించుకుంటే సరిపోతుందా? హైదరాబాద్‌కే చెందిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఆ ప్రయత్నం గట్టిగానే చేసింది. ‘జంగిల్ బుక్’ టీవీ సిరీస్‌లో భాగస్వామిగా దిగింది. 2010లో ఒక్కో షేరు 80 రూపాయలకు అమ్మి స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. హక్కుల మీద ఆదాయం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది, అప్పు మీద వడ్డీ నెల నెలా కట్టాలి. ఆ తర్వాతి ఏళ్లలో ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. హక్కు ఎంత అవసరమో, తొందరపెట్టని పెట్టుబడి కూడా అంతే అవసరం.

అలాంటి పెట్టుబడి ఏం చేయగలదో తూర్పు కనుమల కాఫీ చూపించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థ నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో రైతు సహకార సంఘం గిట్టుబాటు కోసం ఏళ్ల తరబడి పనిచేశాయి. అరకు బ్రాండ్ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజ పండించిన కొండ పేరే సరుకు పేరైంది. యానిమేషన్‌లో మన దగ్గర ఇంకా ఆ దశ రాలేదు. కిప్లింగ్ రాసిన ‘జంగిల్ బుక్’ అడవిని తెరకెక్కించిన చేతులకు సవర, కోదు, కొండదొర తెగల కథలను తెరకెక్కించే పని ఇచ్చినవారు దాదాపు లేరు.

ఆ పని మొదలైతే జాగ్రత్తలూ మొదటి రోజు నుంచే ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో జానపద కథ మీద తెగకు సామూహిక హక్కు లేదు. కాబట్టి కథ చెప్పిన ఊరి అనుమతి, రాబడిలో ఆ ఊరి వాటా ఒప్పందంలోనే రాసుకోవాలి. ప్రభుత్వాలు ఇన్నాళ్లూ యానిమేషన్ రంగం పేరుతో ఎక్కువగా భవనాలు, రాయితీల గురించే మాట్లాడాయి. ఆ సాయంలో కొంత భాగాన్ని హక్కుల్లో వాటా నిలుపుకున్న స్టూడియోలకే ఇవ్వాలి. రాయితీ పొందే ప్రతి సంస్థా కొన్ని నెలల జీతాలకు సరిపడా సొమ్మును విడి ఖాతాలో ఉంచాలనే షరతు పెట్టాలి. ఎక్కడో ఉన్న మాతృసంస్థ దివాలా తీసినప్పుడు ఇక్కడి కళాకారుడి నెల జీతమైనా భద్రంగా ఉంటుంది.