తిట్టేవాడు లేని టీము

పోయిన వానాకాలం, కాలేజీలు తెరిచిన కొత్తలో, ఒక శనివారం సిద్దిపేటకు పోయిన. పొద్దంతా ఇంట్లో పడుకొని, అమ్మ చేసిన సర్వపిండి తిని, సాయంత్రం పాత బస్టాండు దిక్కు చాయ్ తాగడానికి వెళ్ళాం, నేనూ నా దోస్తూ. వాడూ నాలాగే గచ్చిబౌలిలో కోడ్ రాసుకొని బతికే ప్రాణి. పక్క బెంచీ మీద నలుగురైదుగురు పోరగాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. క్రికెట్ అనుకున్నా. కాదు. సినిమా హీరోల లొల్లి అనుకున్నా. అదీ కాదు. ఊళ్ళోని రెండు డిగ్రీ కాలేజీల ఫుట్‌బాల్ టీముల గురించి!

ఒకడంటాడు, "మీ కీపర్ ఎత్తు చూసినవా? క్రాస్ పడితే ఎగిరినా చెయ్యి అందది." ఇంకొకడు, "మీ సెంటర్ ఫార్వర్డ్ ఫైనలియర్ అయిపోయి వెళ్ళిపోయిండు గదా, ఇప్పుడు గోల్ ఎవడు కొడతడు, మీ పీడీ సారా?" మూడోవాడు చాయ్ గ్లాసులూ బిస్కెట్లూ బెంచీ మీద పేర్చి, పోయినేడు ఆఫ్‌సైడ్ ఇవ్వని గోల్ ఎట్లా పడిందో చూపిస్తున్నాడు. నాకైతే మస్తు సంబరం అనిపించింది. నిజం చెప్పాలంటే చాయ్ చల్లారిపోయింది.

మా వాడు మాత్రం నవ్వాడు. ఆ నవ్వు గురించే ఇదంతా రాస్తున్నా. "పది మంది కూడా చూడని మ్యాచులకు ఇంత డిబేటా? వీళ్ళ టీములకు ఫ్యాన్స్ కూడానా?" అన్నాడు. ఎవరన్నది ఈ మాట? రాత్రి పన్నెండున్నరకు లేచి మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ చూసి, ఓడిపోతే మర్నాడు స్టాండప్ మీటింగులో మొహం మాడ్చుకొని కూర్చునేవాడు! వాడు ఆ ఊరు ఏనాడూ చూడలేదు, ఆ టీములో ఒక్కడికి కూడా వీడి సంగతి తెలియదు. కానీ అది అభిమానం. రోజూ ఎదురుపడే పోరగాడి గురించి, వాడి ఎడమకాలు బాగా పనిచేస్తుందా లేదా అని వాదించుకుంటే మాత్రం టైంపాస్. ఇదెక్కడి లెక్క?

నేను ఏకీభవించను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, చిన్న కాలేజీ టీముకు కావాల్సింది గ్రౌండు, బూట్లు, కోచ్.. ఇవన్నీ నిజమే గానీ, వాటన్నిటికంటే ముందు కావాల్సింది దాని గురించి కొట్లాడే నలుగురు. ఆ నలుగురు లేకపోతే మిగతావి రావు. వచ్చినా నిలవవు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు (కాలేజీ పేరు చెప్పను, చెప్పినా మీకు తేడా ఏం పడదు, అన్నీ ఒకటే) మాకూ ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. నేను లెఫ్ట్ బ్యాక్. అంటే ఇంకెవరూ దొరకలేదని అర్థం :) గ్రౌండు అంటే బస్సులు పార్కింగ్ చేసే స్థలం. సాయంత్రం నాలుగున్నరకు బస్సులన్నీ పోయాక ఆడాలి, కానీ మేం కూడా ఆ బస్సుల్లోనే పోవాలి కదా! అట్లా వారానికి ఒక రోజు ఆడితే గొప్ప. సెకండియర్‌లో ఒక టోర్నమెంటుకు వెళ్ళాం. కాలేజీ వాళ్ళు బస్సు ఇవ్వలేదు, ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్ళాం. సరిగ్గా పదకొండు మందిమి. సబ్‌స్టిట్యూట్ అనే మాట మాకు టీవీలో తప్ప తెలియదు. హాఫ్ టైంకి ముందే ఒకడికి మడమ బెణికింది, వాణ్ణి గోల్‌లో నిలబెట్టి కీపర్‌ని బయట ఆడించాం. ఆరు సున్నా తేడాతో ఓడాం. అందులో మూడు గోల్స్ నా వైపు నుంచే పడ్డాయి, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వింగర్ వీపు కనబడుతుంది.

మర్నాడు కాలేజీకి వెళ్ళేటప్పుడు భయం. ఎవరేమంటారో, క్లాసులో ఎంత ఎక్కిరిస్తారో అని. తీరా వెళితే.. ఏమీ లేదు. ఎవడూ అడగలేదు. ఒక్కడంటే ఒక్కడు! నిన్న నేను క్లాసుకు రాలేదన్న సంగతి అటెండెన్స్ రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకడెవడన్నా వచ్చి "ఆరు గోల్సా, సిగ్గులేదా బే" అని తిడితే ఎంత బాగుండేదో నాకు అప్పుడే అర్థమైంది. మరుసటేడు టీము పెట్టలేదు. ఎవరూ రద్దు చెయ్యలేదు, నోటీసు రాలేదు. పెట్టలేదంతే. రెండు నెట్లు స్పోర్ట్స్ రూములో ఉండేవి, అవి ఫెస్టులో డెకరేషన్‌కు వాడారు. అప్పుడూ ఎవడూ అడగలేదు.

కాలేజీల మధ్య పోటీ మన తెలుగోళ్ళకు అలవాటు లేదంటారా? అయ్యో, అంత మాట అనకండి. ఎంట్రెన్సుల ఫలితాలొచ్చే రోజుల్లో టీవీ పెట్టి చూడండి. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు మూడు మూడు.. అని ఊపిరి తీసుకోకుండా చదివే ఆ ప్రకటనలు ఏమిటి మరి? అది లీగ్ టేబుల్ కాదూ? టాపర్‌కు ఫీజు మాఫీ చేసి పక్క కాలేజీ నుంచి లాక్కుపోవడం ట్రాన్స్‌ఫర్ కాదూ? పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చొని "మీవాడిది ఏ బ్యాచ్? మావాడిది దానికంటే పై బ్యాచ్" అని పెదనాన్నలూ మేనమామలూ వాదించుకుంటారే, వాళ్ళకంటే వీరాభిమానులు ఏ స్టేడియంలో ఉన్నారు? కొత్త సీజన్‌కు ముందు ఇంత చర్చ లివర్‌పూల్‌లో కూడా జరగదు. కాబట్టి మనకు పోటీ తెలుసు, వాదన తెలుసు, గెలిస్తే ఫ్లెక్సీ కట్టడం కూడా తెలుసు. కాకపోతే ఆడేవాడి కాళ్ళు కట్టేసి ఆ పని చేస్తున్నాం. ఆ పోటీలో ఓడినవాడికి మళ్ళీ వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉండదు, అదీ తేడా. దాన్ని తప్పు పట్టనివాడు బస్టాండు దగ్గర ఫుట్‌బాల్ లొల్లిని ఎక్కిరించడానికి అర్హుడు కాడని నా అభిప్రాయం.

సరే, ఇది పాత కథ అనుకుందాం. ఇంకా పాత కథకు వెళ్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన మైదాన్ సినిమా పుణ్యమా అని ఇప్పుడు చాలామందికి తెలుసు. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్ళీ బంగారం, ఈ మూడు జట్లకూ ఆయనే కోచ్. ఆయన దగ్గర తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఇవన్నీ గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఆయన మొదలైంది ఎక్కడ? స్కూలు టీచరు ఆయన. తన కుర్రతనంలో ఆడింది ఎలెవెన్ హంటర్స్ అనే క్లబ్బుకు. అంటే మన సిటీ కాలేజీ విద్యార్థులూ, పాత విద్యార్థులూ కలిసి పెట్టుకున్న టీము. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకూ ఆడాడు. అంటే ఒలింపిక్స్ దాకా పోయిన దారి ఒక కాలేజీ టీము గ్రౌండులోంచే మొదలైంది. ఆ రోజుల్లో కూడా ఎవడో ఒక పెద్దమనిషి ఇరానీ హోటల్లో కూర్చొని "కాలేజీ పోరగాళ్ళ ఆటకు ఇంత లొల్లా" అనే ఉంటాడు. నా అనుమానం, వాడి మనవడే నా దోస్తు :)

ఇప్పుడు దగ్గరి కథ. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 1-1, పెనాల్టీల్లో 3-1తో మనవాళ్ళు గెలిచారు. ఆ రోజు టీవీలో చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, స్టాండ్సులో కనిపించిందంతా ఎక్కువగా కేరళ జనమే. కప్పు మనది, గోల వాళ్ళది. మర్నాడు మా ఆఫీసులో ఆ మ్యాచ్ సంగతి మాట్లాడిన ఒకే ఒక్కడు త్రిసూర్ నుంచి వచ్చిన టెస్టర్, అది కూడా రెఫరీని తిట్టడానికి! ఆ తర్వాత ఏమైందో తెలుసుగా. డబ్బు గొడవలు, జీతాల గొడవలు, ఓనరు మారడం, చివరికి 2025లో టీమును ఢిల్లీకి తీసుకుపోయి పేరు కూడా మార్చేశారు. అసలు కారణం డబ్బే, కాదనను. కానీ ఒక ఛాంపియన్ టీము మూటముల్లె సర్దుకొని ఊరు దాటిపోతుంటే ఎన్ని చాయ్ హోటళ్ళలో కొట్లాట జరిగింది? మా ఆఫీసులో అయితే ఆ త్రిసూరు టెస్టరే వచ్చి "మీ టీము పోయిందట కదా" అని చెప్పాడు. 2014, 2016, 2022.. మూడు ఫైనళ్ళు ఓడిన బ్లాస్టర్స్‌ను వాళ్ళ ఊరినుంచి అట్లా కదిలించి చూడమనండి, తెలుస్తుంది.

కేరళ వాళ్ళకు అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. మలప్పురం పక్క పంట కోసిన పొలాల్లో వేసే సెవెన్స్ టోర్నమెంట్లకు టిక్కెట్టు కొని మరీ జనం వస్తారు. ఊరి క్లబ్బు ఓడితే వారం రోజులు మాట పడాలి. 2022 వరల్డ్ కప్ ముందు కోజికోడ్ దగ్గర ఒక ఊళ్ళో ఏటిలో మెస్సీ కటౌట్ పెడితే, అవతలి జట్టు వాళ్ళు దానికంటే ఎత్తుగా నేమార్ కటౌట్ పెట్టారు. పిచ్చి కాదా అంటే పిచ్చే. కానీ ఆ పిచ్చి ముందు ఊరి టీము మీద పుట్టి, తర్వాత అర్జెంటీనా దాకా పోయింది. మా వాడిది తిరగబడ్డ పిచ్చి. నేరుగా ఇంగ్లండులో దిగాడు, ఊళ్ళో ఏ కాలేజీకి టీము ఉందో తెలియదు.

అమెరికా సంగతి కూడా ఒక ముక్క. నా క్లయింట్ వైపు మేనేజరు ఒకాయన సోమవారం కాల్ మొదలుపెట్టేది తను చదివిన చిన్న కాలేజీ టీము గురించే. వాళ్ళ ఫుట్‌బాల్ అంటే చేత్తో ఆడేదనుకోండి, పేరు మాత్రం అదే. ఆయన చెప్తేనే తెలిసింది విలియమ్స్, ఆమ్హర్స్ట్ అనే రెండు కాలేజీల సంగతి. చెరి రెండు వేల మంది దాకా విద్యార్థులు. అంటే మన దగ్గర ఒక మోస్తరు ఇంజనీరింగ్ కాలేజీ అంత కూడా ఉండవు. ఆట ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. అయినా 1880ల నుంచీ ఒకరితో ఒకరు ఆడుతున్నారు, పాత విద్యార్థులు ముసలివాళ్ళయ్యాక కూడా ఎవరి ఏడాది టీము గొప్పదో వాదించుకుంటూనే ఉన్నారు. మా మేనేజరుకు ప్రాజెక్టు డెడ్‌లైన్లు గుర్తుండవు గానీ తన ఫైనలియర్‌లో ఓడిన మ్యాచ్ స్కోరు గుర్తుంటుంది.

అయితే ఆ పోరగాళ్ళను వెనకేసుకొస్తున్నానని వాళ్ళు చెప్పేదంతా ఒప్పుకున్నట్టు కాదు. ఆగలేక నేను కూడా బెంచీ జరుపుకొని దూరాను లెండి. "పోయినేడు మీ రెండు టీములు ఎన్నిసార్లు ఆడినయి?" అని అడిగా. ఒకడు రెండన్నాడు, ఒకడు మూడన్నాడు. స్కోరు? నాలుగు రకాలుగా చెప్పారు. ఆ ఆఫ్‌సైడ్ గోల్ గురించి బిస్కెట్లతో వివరించినవాడు ఆ మ్యాచే చూడలేదట, వాళ్ళన్న చెప్పాడట! ఇక్కడ నాకు కోపమొచ్చింది. కొట్లాడండి, కానీ గ్రౌండుకు పోయి చూసి కొట్లాడండి. లాగ్ ఫైల్ లేకుండా బగ్ గురించి వాదించే మా టీము లీడ్‌కూ మీకూ తేడా ఏముంది? ఇంకోటి, మాట మాట పెరిగి కాలర్లు పట్టుకునే దాకా పోయిన సందర్భాలు నాకు తెలుసు, దాన్ని అభిమానం అని నేను అనను. అట్లాంటి ఒక్క గొడవ చాలు, ప్రిన్సిపాల్‌కు టీము ఎత్తేయడానికి సాకు దొరుకుతుంది.

2016లో మా ఊరు జిల్లా అయింది. 2023 అక్టోబరులో సికింద్రాబాద్ నుంచి రైలు కూడా వచ్చింది. కోమటి చెరువు కట్ట మీద ఇప్పుడు సెల్ఫీలకు లైను. ఇన్ని వచ్చాక, తన కాలేజీ లెఫ్ట్ బ్యాక్‌ను పేరు పెట్టి తిట్టగలిగే నలుగురు కూడా వచ్చారని ఆ రోజు తెలిసింది. అట్లాంటి వాళ్ళను చూసి నవ్వొద్దని మా వాడికి చెప్పా. "అయితే నువ్వు పోయి చూడు" అన్నాడు. పోతానన్నా. వాడు నమ్మలేదు, బిర్యానీ పందెం కాసాడు.

మర్నాడే ఐదు రూపాయల నోట్‌బుక్ ఒకటి.. ఇప్పుడు ఐదుకు రాదు, ఇరవై పెట్టి కొని ఆ బిస్కెట్ల పోరగాడికి ఇచ్చా. తేదీ, స్కోరు, గోల్ కొట్టినవాడి పేరు, ఇవి మూడే రాయమని చెప్పా. నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. మొన్న మీటింగులో ఉండగా వాడి ఫోను. బయటికొచ్చి ఎత్తితే, "అన్నా, మొదటి మ్యాచ్ అయింది. మూడు రెండు, ఓడినం. లెఫ్ట్ బ్యాక్‌గాడే ముంచిండు అన్నా, మూడూ ఆ దిక్కు నుంచే వచ్చినయి. వాని పేరు కూడ రాయాల్నా?"

రాయమన్నా.