బాగే ఆంకు మనం పడ్డ బాకీ

నాంపల్లి స్టేషన్ దాటి కాస్త నడిస్తే పబ్లిక్ గార్డెన్స్. పాత హైదరాబాదీలు ఇప్పటికీ దాన్ని బాగే ఆం అంటారు. బాగ్ అంటే తోట, ఆం అంటే సామాన్య జనం. ప్రభువుల ఉద్యానాలు ఎత్తయిన గోడల వెనక ప్రభువుల కోసమే పూసిన కాలమది. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో, నిజాముల ఏలుబడిలో రూపుదిద్దుకున్న ఈ తోటకు సామాన్యుడి పేరు పెట్టారు. ఆ పేరులోని ఔదార్యాన్ని మనం ఎన్నడైనా ఒక్క క్షణం నిలబడి ఆలకించామా?

ఆ తోట అంచునే టౌన్‌హాల్ ఉంది. నేడు శాసనసభగా మనం ఎరిగిన ధవళసౌధం అదే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో జన్మదినానికి జ్ఞాపికగా నగరపౌరులు చందాలు వేసుకుని కట్టించారు. 1905లో పునాదిరాయి పడింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది, వీధులకు వీధులు తుడిచిపెట్టుకుపోయాయి. 1911లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశాడు. కానుక అందుకోవలసినవాడు లేడు, కానుక తలపెట్టిన ఊరు కన్నీటిలో ఉంది. అయినా 1913లో ఆ గుమ్మటాలు ఆకాశంలోకి లేచి నిలిచాయి. ఇచ్చిన మాటను అంతటి దుఃఖంలోనూ చెల్లించుకున్న ఆ పౌరుల వారసులమని చెప్పుకోవడానికి మనకున్న అర్హత ఏమిటి?

ఆ తోట ఆవరణ కూర్పులోనే ఒక సంస్కారముంది. పెద్ద ద్వారాలు, విశాలమైన బాటలు, పచ్చిక, ముసలి చెట్లు. వాటి నీడలోనే ఒక్కొక్కటిగా విద్య, ఆరాధన, వేడుక, ఆట చోటు చేసుకున్నాయి. 1924లో షాహీ మసీదు వెలసింది. 1930లో మ్యూజియం ఆరంభమైంది. ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీని చూడటానికి పల్లెల నుంచి పిల్లలు నేటికీ అక్కడ బారులు తీరుతారు. ఏడో నిజాం రజతోత్సవం 1937లో జూబ్లీ హాలులో జరిగింది. తరువాతి కాలంలో పసివాళ్ల కోసం బాలభవన్ వచ్చింది. పండితుడూ పామరుడూ, భక్తుడూ బాలుడూ ఒకే చెట్టు కింద నుంచి నడిచి తమ తమ గుమ్మాలకు చేరాలి. నలుగురూ కూడి ఊరి మంచిచెడ్డలు యోచించే సభాభవనమూ ఆ చెట్ల పక్కనే ఉండాలి. ఇంతకంటే ఉదాత్తమైన పౌరధర్మ పాఠాన్ని ఏ గ్రంథం చెప్పగలదు?

ఆ పాఠాన్ని మనం ఏం చేశాం? చెట్ల బెరడు మీద పేర్లు చెక్కుకున్నాం. గోడ మూలలను ఎర్రటి ఉమ్ములతో నింపాం. ఆరోగ్యం కోసం నడకకు వచ్చి, తాగిన సీసాను బెంచీ మీదే వదిలి వెళ్ళిపోయాం. అధికారంలో ఉన్నవారికి పచ్చిక కనబడితే ఖాళీ జాగా అనిపించింది, చదువుకున్నవారికి ఊరి తోట కంటే కాలనీ గేటు లోపలి గడ్డి ముద్దొచ్చింది. సభాభవనానికీ తోటకూ నడుమ కంచెలు లేచాయి. ఆ కంచెలను చూసి నొచ్చుకున్నవారు మనలో ఎందరు? ఎదుటనే గన్‌పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపముంది. అక్కడ దండ వేసి వెనుదిరిగి, దండ చుట్టిన సంచిని ఆ నేల మీదే పారేస్తాం. ప్రాణాలిచ్చి పోయినవారి మట్టిని శుభ్రంగా ఉంచడం కూడా మనకు బరువైపోయిందా?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందన్నది పెద్దల అనుభవం. కాని మన రోగం అక్కడితో ఆగలేదు. మొన్నొక ఆదివారం ఆ తోటలో ఒక పసివాడు ఐస్‌క్రీం కాగితం చేతపట్టుకుని చెత్తడబ్బా కోసం వెతుకుతున్నాడు. తండ్రి మంచి మాటగానే చెప్పాడు: "అక్కడే పడెయ్ నాన్నా, ఊడ్చేవాళ్లు ఉన్నారు కదా." ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. పక్కన కూర్చున్న నేనూ నోరు మెదపలేదు. ఊడ్చేవాళ్లు ఉన్నారు కదా! తరతరాలుగా మనల్ని తొలుస్తున్న పురుగు ఆ మూడు మాటల్లో ఉంది. మలినం చేయడం మన హక్కు, దాన్ని ఎత్తడం మరొకరి పుట్టుక అని నమ్మిన సమాజం సామాన్యుల తోటను ఎలా కాపాడుకోగలదు? తెల్లవారకముందే చీపురు పట్టి ఆ బాటలు ఊడ్చే తల్లి కూడా ఆ ఆంలోని మనిషే. ఆ తోట ఆమెదీ. శ్రమను హీనంగా చూసినన్నాళ్లూ మనకు ప్రజలు ఉండరు, యజమానులూ పనివాళ్లూ మాత్రమే ఉంటారు. చట్టాలు ఎన్ని చేసుకున్నా, కాపలాలు ఎన్ని పెట్టుకున్నా, చేతిలోని కాగితాన్ని పట్టుకుని పది అడుగులు నడవగల శీలం లేనప్పుడు ఆ చట్టాలు ఎవరిని తీర్చిదిద్దుతాయి?

అయినా నేను నిరాశపడను. మూసీ ముంచిన ఊరే ఈ సౌధాన్ని పూర్తి చేసింది. పైగా ఆ ఆదివారం నేను మరొకటి చూశాను. తండ్రి చెప్పాక కూడా ఆ పిల్లవాడు కాగితాన్ని కింద పడెయ్యలేదు. చెట్ల నీడలు దాటి, మసీదు మలుపు దాటి, పెద్ద ద్వారం దాకా వాణ్ణి చూస్తూనే ఉన్నాను. వాడి పిడికిలి మూసే ఉంది.