పాతిపెట్టిన తలాంతు

యేసుప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానంలో (మత్తయి 25:14–30) మూడో దాసుడు దొంగ కాడు, దుబారా మనిషీ కాడు. యజమాని అప్పగించిన ఒక్క తలాంతును భూమిలో పాతిపెట్టి, ఆయన తిరిగి రాగానే చెక్కుచెదరకుండా చేతికిచ్చాడు. ఒక్క తలాంతే కదా అని మనం తేలిగ్గా తీసుకుంటాం గానీ, అది సుమారు 6,000 దేనారాలు. దేనారమంటే కూలివాని దినవేతనం. అంటే దాదాపు 20 ఏళ్ల కష్టార్జితం! అంత సొమ్మును భూమిలో దాచడమే క్షేమమని ఆనాటి యూదుల అభిప్రాయం. లోకరీతిగా చూస్తే అతను జాగ్రత్తపరుడే. అయినా యజమాని అతన్ని సోమరి అన్నాడు. భయపడ్డానని అతనే ఒప్పుకున్నాడు మరి. వ్యాపారంలో నష్టం వస్తుందేమోనన్న భయం మిగిలిన ఇద్దరికీ ఉండే ఉంటుంది, అయినా వాళ్లు ఆగలేదు.

నిన్ను నువ్వు నమ్ముకుంటే విజయం నీదేనని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. ప్రార్థిస్తే చాలు కోట్లు కురుస్తాయని కొన్ని ప్రసంగాలు చెబుతాయి. ఈ రెండూ విశ్వాసి మార్గం కాదు. తలాంతు యజమానిది, కష్టం దాసునిది. సువార్త ప్రకటిస్తూనే పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు (అపొ.కా. 18:3). అలాగని దూకుడంతా విశ్వాసం కాదు. దేవాలయ శిఖరం మీది నుంచి దూకమన్నది సాతాను. వడ్డీకి అప్పు తెచ్చి, ఏడాదిలో రెట్టింపు చేస్తామనే వాళ్ల చేతిలో పోయడం కూడా ఆ దూకుడు లాంటిదే.

ఈ విషయంలో మన తెలుగు సంఘాలకు దగ్గరి సాక్షి బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముఖ్య కారకుడు. భారతీయుల సొమ్ముతో, భారతీయ సేవకులతో, భారతీయుల నిర్వహణలోనే పని జరగాలన్నది దాని నియమం. విదేశీ మిషన్ల నీడ లేకుండా సంఘం నిలబడగలదని అప్పట్లో నమ్మినవారు తక్కువ. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా పేరున్న అజరయ్య 1909లో ఆ ఉద్యోగం వదులుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినప్పుడు, ఇది తగునా అని సందేహించినవారు తెల్లవారిలోనే కాదు, మనవారిలోనూ ఉన్నారు.

ఆయన సంఘస్థులలో ఎక్కువమంది భూమి లేని మాల, మాదిగ కూలీలు. వాళ్లను అజరయ్య జాలితో వదిలేయలేదు, ఇవ్వడం నేర్పాడు. వంట చేసే ప్రతిసారీ స్త్రీలు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. విదేశీ సాయం డోర్నకల్‌కు అసలు రాలేదని కాదు. కానీ బయటివాళ్లు ఇస్తేనే సంఘం బతుకుతుందన్న మాటను ఆ బియ్యపు కుండలు ఒప్పుకోలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం 5, 6 ఏళ్లు ఎదురుచూసే కుర్రవాడి కోసం మనం ఉపవాసం ఉండి ప్రార్థిస్తాం. అదే కుర్రవాడు కుట్టుమిషన్ల షాపు పెడతానంటే, నీకెందుకీ రిస్కు బాబూ అంటాం! కానుకలు మిగిలితే సంఘం పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తాం. సాహుకారుల దగ్గర ఉంచినా బాగుండేదని యజమానే అన్నాడు కదా అని పెద్దలు సమర్థించుకోవచ్చు. నిజమే, కానీ ఆయన భళా అన్నది వ్యాపారం చేసిన ఇద్దరినే.

ఆ డిపాజిట్‌లో కొంత తీసి, పని తెలిసిన ఇద్దరు ముగ్గురు యువకులకు వడ్డీ లేకుండా అప్పుగా ఇస్తే? తిరిగి రాకపోతే ఎవరు బాధ్యులని సంఘ కమిటీలో తప్పక అడుగుతారు. అడగాల్సిందే, పూచీలు చూడాల్సిందే. అన్నీ చూశాక కూడా ఒకరి సొమ్ము రాకపోవచ్చు. ఆ మాట ముందే చెప్పి, ఆ తర్వాతే ఓటుకు పెడదాం.