వయసు మాన్పే జబ్బు కాదు

కౌమారంలో వచ్చే కుంగుబాటు, ఆందోళన ఆ వయసుతో వచ్చి ఆ వయసుతోనే పోతాయన్నది తెలుగు ఇళ్లలోనూ బడుల్లోనూ పాతుకుపోయిన నమ్మకం. పదో తరగతి చదివే పిల్ల నెలల తరబడి సరిగా నిద్రపోదు. ఇంటర్ చదివే కుర్రాడు స్నేహితులను మానేసి గది తలుపు వేసుకుంటాడు. ‘ఈడు అలాంటిది, పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అంటారు పెద్దలు. ఆడపిల్లయితే ‘పెళ్లి చేస్తే కుదురుకుంటుంది’ అన్న మాట కూడా తోడవుతుంది. ఇందులో నిజమెంతో ఊహతో తేలేది కాదు. పిల్లలను ఆ వయసులోనే పరీక్షించి, వాళ్లు నడివయసుకు వచ్చేదాకా విడవకుండా గమనిస్తే తేలుతుంది. బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాల్లో ఆ పని జరిగింది. అక్కడ బయటపడిన విషయాల ముందు ఈ నమ్మకం నిలబడదు.

వీటిలో బ్రిటన్ అధ్యయనం పాతది. 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్లోంచి 5,362 మందిని ఎంచుకుని, అప్పటినుంచీ వాళ్ల ఆరోగ్యాన్ని నమోదు చేస్తూ వచ్చారు. వాళ్లకు 13 ఏళ్లప్పుడు ఒకసారి, 15 ఏళ్లప్పుడు మరోసారి స్కూలు టీచర్లు ఒక్కొక్కరి తీరు గురించి ప్రశ్నావళి నింపారు. పిల్లలు బెరుకుగా ఉంటారా, దిగులుగా కనిపిస్తారా, ఊరికే భయపడతారా అన్న తరహా విషయాలే అందులో ఉన్నాయి. రోజూ క్లాసులో చూసే మనిషి తన కంటికి కనిపించింది రాశారు, అంతే. ఆ రెండు వయసుల్లోనూ ఈ లక్షణాలు గట్టిగా ఉన్న పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి 36, 43, 53 ఏళ్లలో ఏదో ఒక దశలో మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. కౌమారంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు 25 శాతం. ఏ యంత్రమూ లేకుండా, ఏ వైద్యుడూ చూడకుండా, ఒక టీచరు గమనింపులో ఇంత దూరపు సూచన దాగి ఉంది. తెలుగు బడిలో ఇలాంటి పిల్లకు ‘నోట్లో నాలుక లేదు, బుద్ధిమంతురాలు’ అన్న మెప్పు దక్కుతుంది. అల్లరి చేసేవాడి గురించి ఇంటికి కబురు వెళ్తుంది గానీ, మాట్లాడటం మానేసిన పిల్ల గురించి ఎవరూ ఎవరికీ చెప్పరు.

‘మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి? మేమూ ఆ ఈడు దాటే వచ్చాం’ అన్నది పెద్దల మరో వాదన. దీనికి జవాబు న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరం నుంచి వచ్చింది. 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా అక్కడ పుట్టిన 1,037 మందిని మూడో ఏటి నుంచీ గమనిస్తున్నారు. 45 ఏళ్ల వయసులో జరిపిన పరీక్షలకు కూడా, బతికున్నవాళ్లలో 94 శాతం మంది వచ్చారు. ఇన్నేళ్లు సాగిన పరిశోధనల్లో ఇది చాలా అరుదు. 26 ఏళ్ల వయసులో మానసిక సమస్య ఉన్నవాళ్ల పాత రికార్డులు తిరగేస్తే, దాదాపు సగం మందికి 15 ఏళ్లలోపే, నాలుగింట మూడొంతుల మందికి 18 ఏళ్లలోపే ఏదో ఒక సమస్య నిర్ధారణ అయి ఉంది. అదే బృందం 2010లో ఇంకో సంగతి బయటపెట్టింది. పెద్దవాళ్లను పట్టుకుని ‘మీకు ఎప్పుడైనా ఇలా అయిందా’ అని అడిగే సర్వేల లెక్క కంటే, ఎప్పటికప్పుడు పరీక్షిస్తూ వచ్చిన డునెడిన్ లెక్క సుమారు రెట్టింపు ఉంది. మనుషులు తమ పాత బాధను మర్చిపోతారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తన పదహారో ఏట ఏం జరిగిందో తండ్రికి గుర్తున్నంతలో కూతురి సంగతి తేల్చేయడం న్యాయం కాదు.

అలాగని ఈ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జార్జ్ ప్యాటన్ నాయకత్వంలో 1992లో మొదలైన అధ్యయనం ఇందులోని నిజాన్నీ అబద్ధాన్నీ విడదీసి చూపింది. 1,943 మంది హైస్కూలు విద్యార్థులను ఆరు నెలలకోసారి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నిద్ర, అలసట, దిగులు, కంగారు గురించి ప్రశ్నలకు జవాబులు నింపమన్నారు. ఎవరి ముందూ నోరు విప్పే అవసరం లేదు కాబట్టి పిల్లలు దాచుకోలేదు. అమ్మాయిల్లో 54 శాతం, అబ్బాయిల్లో 29 శాతం మందిలో కౌమారంలో కనీసం ఒకసారైనా లక్షణాలు తీవ్రంగా కనిపించాయి. వాళ్లలో దాదాపు 60 శాతం మందికి పెద్దయ్యాక తిరగబెట్టింది. ఒకే ఒక్కసారి వచ్చి ఆరు నెలల్లోపే తగ్గిపోయినవాళ్లలో మాత్రం సగానికి పైగా మళ్లీ ఆ బాధ పడలేదు. ఇరవైల చివరికి వచ్చేసరికి చాలామంది తేరుకున్నారు కూడా.

కాబట్టి ‘అదే సర్దుకుంటుంది’ అన్నది కొందరి విషయంలో నిజం. ఆ కొందరిలో తమ పిల్ల ఉందో లేదో తల్లిదండ్రులకు మొదటి నెలలో తెలిసే దారి లేదు. ఇదే అధ్యయనంలో, పెద్దయ్యాక తిరగబెడుతుందా లేదా అన్నదాన్ని అన్నిటికంటే గట్టిగా సూచించింది కౌమారంలో ఆ బాధ ఎంతకాలం సాగిందన్నదే. వేచి చూడమనే సలహా ఆ కాలాన్నే పొడిగిస్తుంది. ఈ నమ్మకంలోని అసలు హాని అక్కడుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఎక్కువకాలం బాధపడే పిల్లల ఇళ్లలో పేదరికం, గొడవలు ముందే ఉండొచ్చు. పెద్దయ్యాక జీవితం దెబ్బతినడానికి అసలు కారణం అవే అయితే, కుంగుబాటును నిందించి ప్రయోజనమేమిటి? అమెరికాలోని నార్త్ కరోలినాలో 1993లో 1,420 మంది పిల్లలతో మొదలైన గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అధ్యయనం ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. ఆరోగ్యం, డబ్బు, మనుషులతో సంబంధాలు, చట్టంతో చిక్కులు వంటి విషయాల్లో పెద్దయ్యాక దెబ్బతిన్నవాళ్లను లెక్కించారు. చిన్నప్పుడు మానసిక సమస్య నిర్ధారణ అయినవాళ్లలో వాళ్లు 59.5 శాతం. ఏ సమస్యా లేనివాళ్లలో 19.9 శాతం. లక్షణాలున్నా జబ్బు అని పేరు పెట్టేంత ముదరనివాళ్లలో 41.9 శాతం. చిన్ననాటి కష్టాల ప్రభావాన్ని పక్కకు తీసి లెక్కగట్టినా తేడా నిలిచింది. ‘మరీ జబ్బు అనేంత లేదులే’ అని వదిలేసే పిల్లలే ఆ మూడో గుంపు. వాళ్లకు కూడా ముప్పు రెట్టింపు అన్నది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు.

అదే అధ్యయనం మధ్యలో మరో సంఘటన జరిగింది. ఈస్టర్న్ చెరోకీ తెగ ప్రాంతంలో కాసినో తెరిచి, లాభంలో వాటాను తెగ సభ్యులకు పంచడం మొదలుపెట్టారు. పేదరికం నుంచి బయటపడిన ఇళ్ల పిల్లల్లో మొండితనం, దుడుకుతనం తగ్గాయి. కుంగుబాటు, ఆందోళన తగ్గలేదు. ఇంటి పరిస్థితి బాగుపడితే కొన్ని సమస్యలు వాటంతటవే సద్దుమణుగుతాయి, కొన్నింటికి చేయి అందించాల్సిందే.

చికిత్స చేస్తే ఫలితం ఉంటుందా అన్నదానికి అమెరికాలో కుంగుబాటుతో ఉన్న 439 మంది టీనేజీ పిల్లలపై జరిగిన పరీక్ష జవాబిచ్చింది. మందు, ఆలోచనా ధోరణిని మార్చే మాటల చికిత్స కలిపి అందుకున్నవాళ్లలో 12 వారాల్లో 71 శాతం మంది బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మెరుగైంది 35 శాతం. తర్వాత ఐదేళ్లపాటు గమనించిన 196 మందిలో చాలామంది కోలుకున్నారు గానీ, కోలుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి తిరగబెట్టింది. చికిత్స దండగ అనడానికి కొందరు ఈ చివరి అంకెను చూపిస్తారు. అది చెప్పేది వేరు: ఒక విడత మందులతో పిల్లను వదిలేయకూడదు, కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఉబ్బసమున్న పిల్లల విషయంలో ఏ తల్లికీ ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

బడిలో ఏదో ఒక కార్యక్రమం పెడితే చాలనుకోవడం కూడా పొరపాటే. బ్రిటన్‌లో 8 వేలకు పైగా విద్యార్థులకు ఏకాగ్రత సాధన నేర్పి చూస్తే మామూలు పాఠాల కంటే మేలేమీ జరగలేదని 2022లో తేలింది. బీహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ బడుల్లో జరిగిన ‘సెహర్’ ప్రయోగం ఇంకా లోతైన పాఠం. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్లకు, కొన్నింటిలో శిక్షణ ఇచ్చిన స్థానిక కౌన్సెలర్లకు అప్పగించారు. కౌన్సెలర్లున్న చోట బడి వాతావరణం బాగుపడింది, కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. టీచర్ల చేతికి ఇచ్చిన చోట ఫలితం లేదు. ఆ కౌన్సెలర్లు మానసిక వైద్యులు కారు. సిలబస్ పూర్తిచేయడం, పేపర్లు దిద్దడం పనిగా లేనివాళ్లు, పిల్లల మాట వినడమే పనిగా ఉన్నవాళ్లు. ‘మా లెక్చరర్లే కౌన్సెలింగ్ చేస్తారు’ అని చెప్పే కాలేజీలు ఈ ఫలితాన్ని చదవాలి.

భారతదేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్లవాళ్లలో 7.3 శాతం మందికి, అంటే దాదాపు 98 లక్షల మందికి మానసిక సమస్య ఉన్నట్టు చెప్పింది. కాబట్టి ఇది విదేశాల గోల అనడానికి వీల్లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు విధించింది. 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం చదువులో భాగమైపోయింది. పిల్లను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది అని అడిగే తల్లిదండ్రులు, కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని కూడా అడగాలి. దిగులు, నిద్రలేమి, మనుషులకు దూరం కావడం రెండు వారాలు దాటి సాగితే పరీక్షలయ్యేదాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.